కడగని గాజు పుల్ల

ఓరిసాబా ఊళ్ళో నది పక్కనున్న మందుల కార్ఖానాలో ఎర్మీలో త్సనావా అనే ఆయన చొక్కా జేబును ఎరగనివాళ్ళు లేరు. ఇంజినీర్లు పెన్ను పెట్టుకునే చోట ఆయన మేకతోలు ఒర పెట్టుకునేవాడు. ఒరలో జానెడు గాజు పుల్ల. పెన్నుతో ఆయనకు పెద్దగా పని పడలేదు. నాలుగో తరగతి దాకా చదివాడు, మిగతా చదువంతా చేదు బెరడు దగ్గరే.

ఆ బెరడు సోంగోలికా కొండల మీంచి వచ్చేది. ఎర్మీలో కూడా అక్కణ్ణుంచే వచ్చాడు, పద్నాలుగో ఏట, తండ్రి కంచరగాడిద వెనకాల, బెరడు మోపులతో పాటు. కొండల మీద ఆడవాళ్ళు ఆ బెరడు కషాయం కాచి రక్త విరేచనాలకు పట్టేవారు. కార్ఖానావాళ్ళు అదే బెరడును సారాలో నానబెట్టి, వడగట్టి, మరిగించి, అందులోంచి ఒకే ఒక్క పదార్థాన్ని బయటికి లాగి బిళ్ళలు కట్టేవారు. ఒక ముసలమ్మ ఒక మట్టికుండతో చేసే పనికి ఇక్కడ నూట పదిమంది మనుషులూ పన్నెండు తొట్లూ కావలసి వచ్చేవి. దాన్ని శాస్త్రం అంటారని ఎవరో చెబితే ఎర్మీలో నమ్మాడు.

తొట్లన్నీ దాటి వచ్చాక చివరికి మిగిలేది తేనెరంగు పాకం. అది చల్లారితే స్ఫటికాలు రాలాలి. ఒక్కోసారి రాలేవి కావు. వేడి ఎంత, చలి ఎంత, ఎంతసేపు అని ఇంజినీర్లు కాగితాలు నింపేవారు. పాకం మాత్రం మొండిపిల్లలా మూతి ముడుచుకుని అలాగే ఉండిపోయేది. అప్పుడు ఎర్మీలోని పిలిచేవారు. ఆయన ఒక గాజు జాడీలోకి రెండు గరిటెల పాకం తీసుకుని, ఒరలోంచి పుల్ల తీసి, జాడీ లోపలి గోడమీద మూడుసార్లు గీకేవాడు. పళ్ళు జివ్వుమనే చప్పుడు. కాసేపటికి గీత దగ్గర తెల్లటి మసక పుట్టేది. ఆ జాడీని తొట్టిలో ఒంపితే సాయంత్రానికల్లా తొట్టినిండా చేప పొలుసుల్లాంటి పల్చటి రేకులు తళతళలాడేవి.

"దోన్ ఎర్మీలో, మా ఆవిడ రెండు రోజులుగా ముడుచుకుని కూచుంది. ఒకసారి వచ్చి గీకి పోరాదూ?" అనేవారు తొట్ల దగ్గర పనిచేసేవాళ్ళు, మర్యాదకి పేరు ముందు దోన్ తగిలించి.

"ఆవిడ బాగానే ఉందిరా. పాకం నువ్వే," అనేవాడు ఆయన.

ఆయన హస్తవాసి మంచిదని కార్ఖానా అంతా ఒప్పుకుంది. కార్ఖానా పెద్ద ఇంజినీరు, సెర్రాతో అనే ఆయన, రాజధాని నుంచి ఎవరొచ్చినా ముందు ఎర్మీలోని చూపించి, ఆ తర్వాతే కొత్త యంత్రాన్ని చూపించేవాడు. ఆ రోజుల్లో ఎర్మీలో మీసం కాస్త ఎక్కువసేపు దువ్వుకునేవాడు.

ఆ పని ఆయనకు నేర్పింది దోన్ లియాండ్రో అనే ముసలి స్పెయిన్ దేశస్థుడు. తన దేశంలో యుద్ధం ఓడిపోయి ఓడెక్కి వచ్చిన రసాయన పండితుడు. పోయేముందు ఆయన తన పుల్లని ఎర్మీలో చేతిలో పెట్టి, దాంతోపాటు ఒక నియమం కూడా పెట్టాడు. గాజు మీద పడ్డ సన్నటి గీతల్లో పాత స్ఫటికాల పొడి ఇరుక్కుంటుంది, కంటికి ఆనదు. అదే విత్తు. పాకంలో ఉన్నది ఆ విత్తును చూసే తానెలా పేరుకోవాలో తెలుసుకుంటుంది. కాబట్టి పని కాగానే పుల్లని సారాలో మరిగించాలి. ఒక చోట వాడిన పుల్లని అలాగే ఇంకో చోటికి తీసుకుపోకూడదు.

రెండేళ్ళపాటు ఎర్మీలో ఆ మాట దాటలేదు. ఒకనాడు మరిగించడం మరిచిపోయాడు. ఆ రోజు పాకం రెండింతల జోరుగా గడ్డకట్టింది. ఎందుకో ఆయనకు తెలుసు, ముసలాయన విడమరిచి చెప్పాడు కదా. కానీ తెలిసినదాని కన్నా నచ్చినది గట్టిగా పట్టుకుంటుంది. తన అదృష్టం ఆ పుల్లలో ఉందనుకోవడం ఆయనకు నచ్చింది. అదృష్టాన్ని కడిగి మోరీలో పారబోసుకునేవాడెవడు? ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆ పుల్లని గుడ్డతో తుడిచాడే తప్ప కడగలేదు.

తొట్లు కడిగేది ఒబ్దూలియా రోసెతే. మొగుడు పోయిన మనిషి, బలమైన భుజాలు, నోరు అంతకన్నా బలం. తొట్టిలోకి నడుందాకా దిగి వేడినీళ్ళతో ఒకసారి, సారాతో ఒకసారి తోమేది. ఎర్మీలో కూతురు నీన్ఫాకి జ్ఞానస్నానం చేయించినప్పుడు పిల్లని చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆమే. అప్పట్నుంచీ ఆయన ఆమెకు కొంపాద్రె, ఆమె ఆయనకు కొమాద్రె. ఆ వరస ఒకసారి కలిశాక చచ్చేదాకా తెగదు. సొంత అన్నదమ్ములు కోర్టుకెక్కినా ఊరు ఊరుకుంటుంది గానీ కొంపాద్రెలు మాట తప్పితే ఊరుకోదు.

"కడిగేది నేను, పేరు నీది, కొంపాద్రె," అనేది ఆమె. "తోమేవాళ్ళని ఎవడూ ఫొటో తియ్యడు."

"నువ్వు తోమబట్టే కదా కొమాద్రె, నా పుల్ల పనిచేసేది."

"ఆ ముక్క ఇంజినీరు ముందు అను."

అంటాననేవాడు. ఎప్పుడూ అనలేదు.

ఎనభై నాలుగు ఏప్రిల్లో రాజధానిలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది డాక్టర్ ఆంపారో. మందుమొక్కల్లోని పదార్థాల లోపల అణువులు ఎలా అమరి ఉంటాయో ఎక్స్ రేలతో చూడడం ఆమె పని. చేదు బెరడు పదార్థాన్ని చూడాలంటే ఆవగింజంత స్ఫటికమైనా పగుళ్ళు లేనిది ఒకటి కావాలి. కార్ఖానా రేకులు మరీ పల్చన, ఎక్స్ రేకి నిలవవు. మీ దగ్గర మంచి చెయ్యి ఉన్నాయన ఉన్నాడని విన్నాను, వారం రోజులు పంపగలరా అని రాసింది.

ఎర్మీలో కొత్త టోపీ కొనుక్కుని బస్సెక్కాడు.

ఆమె గది నేలమాళిగలో ఉంది. డాక్టరమ్మ అంటే నడివయసు మనిషి ఉంటుందనుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళ సన్నటి పిల్ల, చొక్కా చేతులు మడిచి, పొద్దున్నే తనే కాఫీ కలిపి ఆయన ముందు పెట్టింది. ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి తను నిలబడి అడిగేది. అంత మర్యాద ఆయనకు ముప్ఫై ఏళ్ళ కార్ఖానాలో జరగలేదు. నాలుగు జాడీలు గీకి చల్లటి పెట్టెలో పెట్టాడు. మూడు జాడీల్లో ఎప్పటి రేకులే. ఐదోరోజున నాలుగోదాని అడుగున ఏడు గట్టి పలుకులు కనిపించాయి, పటికబెల్లం ముక్కల్లా, అంచులు చెక్కినట్టు. అలాంటివి ఆయన ఎన్నడూ చూడలేదు.

ఆంపారో ఒక పలుకును సూదిమొనకు అంటించి ఎక్స్ రేల ముందు నిలబెట్టింది. మూడోనాటికి ఫిల్ము మీద నల్లచుక్కలు వచ్చాయి, ముగ్గు వెయ్యబోయేముందు పెట్టిన చుక్కల్లా, వరసలు వరసలుగా.

"దోన్ ఎర్మీలో, మీ కొండల్లో కట్టెలు ఎలా పేరుస్తారు?" అని అడిగింది.

"ఎండాలంటే వదులుగా. దాచాలంటే బిగించి."

"ఏవి తొందరగా అంటుకుంటాయి?"

"వదులువే, డాక్టరమ్మా. గాలి ఆడాలి కదా."

"ఇదీ అంతే. రెండూ అవే కట్టెలు. మీ కార్ఖానా రేకులు వదులు పేర్పు, కడుపులో పడగానే కరుగుతాయి. ఈ పలుకులు బిగింపు పేర్పు. వీటితో బిళ్ళ కట్టి మింగితే, మింగినట్టే బయటికొస్తుంది." ఆమె నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "ఒక్కటి వినండి. ఈ గట్టి రకం ఒక చోట పుట్టిందంటే ఆ చోట ఇక రెండోదాన్ని పుట్టనివ్వదు. నిన్నటి నుంచి నా గదిలో రేకులు రావడం మానేశాయి. కంటికి కనపడని పొడి చాలు. మీ పుల్లని ఇక్కడే సారాలో మరిగించండి. ఆ తోలు ఒర నాకిచ్చెయ్యండి, కాల్చేస్తాను. బట్టలు ఉతికించుకున్నాకే కార్ఖానాలో అడుగుపెట్టండి."

"అలాగే డాక్టరమ్మా."

సారా దీపం మీద గిన్నె పెట్టి ఆమె ఎవరో పిలిస్తే పైకి వెళ్ళింది. ఎర్మీలో గిన్నెను చూశాడు. పుల్లను చూశాడు. గాజు మీద దోన్ లియాండ్రో కాలం నాటి గీతలు. అంత చిన్నపిల్ల మాట మీద ఇరవై ఆరేళ్ళ పేరుని మరిగించాలా అనిపించింది. ఆమె దిగి వచ్చేసరికి పుల్ల ఒరలో, ఒర జేబులో, కోటు గుండీలు మెడదాకా ఉన్నాయి.

"అయిందా?"

"అయింది."

బస్సులో పుల్లని జేబురుమాలుతో రెండుసార్లు తుడిచాడు. అది చాలనుకున్నాడు. చాలదని కూడా తెలుసు. ఆ తర్వాత జరిగిన దేనికీ తనకు తెలియదని చెప్పుకునే వీలు ఆయనకు లేకుండా పోయింది.

సోమవారం తొమ్మిదో తొట్టి పాకం మొండికేసింది. ఆయన్ని పిలిచారు. మూడుసార్లు గీకాడు, రెండు నిమిషాల్లో జాడీ గడ్డకట్టింది. తొట్టిలో ఒంపితే మధ్యాహ్నం భోజనానికే అంతా రాలిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద ఇంజినీరు వచ్చి భుజం తట్టాడు. ఎర్మీలో తొట్టి అంచుకి వంగి లోపలికి చూశాడు. రేకులు లేవు. అడుగున తెల్లటి ఇసక.

మర్నాడు ఆ ఇసకతో కట్టిన బిళ్ళను, కడుపులో ఉండేలాంటి పుల్లటి గోరువెచ్చని నీళ్ళలో వేసి చూశారు. ఇరవై నిమిషాల్లో కరగాల్సింది సాయంత్రం దాకా గులకరాయిలా కూచుంది. ఆ తొట్టి పారబోశారు. పదో తొట్టి ఇసకే. పదకొండు, పన్నెండు ఇసకే. తొట్లు కడిగారు, గోడలు కడిగారు, పైకప్పు దూలాలు తుడిచారు. ఒబ్దూలియా చేతివేళ్ళ చర్మం సారాకు పాలిపోయి ఊడొచ్చింది. జూన్ వచ్చేసరికి కార్ఖానాలో మందన్నది లేదు. కొండల మీద వానలు మొదలై, పిల్లలకు విరేచనాలు పట్టుకునే రోజులు.

తప్పెవరిదో తేల్చమని యజమానుల నుంచి కబురొచ్చింది. అలాంటి కబురు వచ్చినప్పుడు అది ఎప్పుడూ కింది మెట్టు దగ్గరే ఆగుతుంది. యూనియన్ మనిషిని పక్కన నిలబెట్టుకుని, ఇంజినీరు అందర్నీ తొట్ల గదిలోకి పిలిచాడు.

"దోన్య ఒబ్దూలియా, తొట్టి సరిగ్గా కడక్కపోతే తప్ప పరాయి విత్తు లోపలికి రాదు."

"ఈ తొట్టిలో మీ అమ్మగారికి పులుసు కాచి పెట్టొచ్చు ఇంజినీరు గారూ, అంత శుభ్రంగా ఉంది."

"మరి ఈ ఇసక ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నాకేం తెలుసు. నేను తోముతాను. లోపల ఏం పుడుతుందో చూడ్డానికి మీకు జీతాలిస్తున్నారు."

ఎవరో ఫక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఇంజినీరు ముఖం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి ఎర్మీలో దగ్గర ఆగాడు.

"దోన్ ఎర్మీలో, ఇక్కడ అందరికన్నా పాతవారు మీరు. మీ మాటకు ఎదురులేదు. ఆ సోమవారం పాకం పట్టేముందు తొమ్మిదో తొట్టి శుభ్రంగా ఉండిందా?"

శుభ్రంగా ఉండింది. ఎర్మీలో ఆ పొద్దున తొట్టి అంచుకు వంగి స్వయంగా చూశాడు. అడుగున తన ముఖం కనిపించేంత శుభ్రం. కొత్త టోపీ ఎలా ఉందో అందులోనే చూసుకున్నాడు. ఉండింది అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. అయితే విత్తు ఎలా వచ్చింది? జేబు మీద ఒర బరువుగా తగిలింది.

"నేను సరిగ్గా చూడలేదు, ఇంజినీరు గారూ," అన్నాడు.

అంతే. ఒబ్దూలియా రబ్బరు ముందుగుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, తొట్టి అంచుమీద ఉంచింది. పోతూ ఆయన దగ్గర ఆగింది. తిడుతుందనుకుని కళ్ళు దించుకున్నాడు.

"పోనీలే కొంపాద్రె. చూడనిది చూశానని నువ్వు మాత్రం ఎలా చెప్తావ్," అంది.

తిట్టుంటే బావుండేది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వంటగదిలో గిన్నె పెట్టి పుల్లని మరిగించాడు. భార్య తొంగి చూసి, "ఏంటిది? గాజు పులుసా?" అంది. పుల్ల చల్లారాక తుడిచి, చేతి అలవాటుగా మళ్ళీ అదే తోలు ఒరలో పెట్టాడు.

ఒబ్దూలియా కార్ఖానాకు వెళ్ళే వంతెన దగ్గర బుట్ట పెట్టుకుని తమాలెలు, ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు, అమ్మడం మొదలుపెట్టింది. కార్ఖానావాళ్ళే కొనేవారు. ఎర్మీలోని చూడగానే అడక్కుండానే పచ్చిమిరప పెట్టినది ఒకటి మొక్కజొన్న ఆకులోంచి విప్పి చేతికిచ్చేది. వేడిగా ఉండేది. కొన్నాళ్ళు కింద రైలు కట్ట మీంచి చుట్టుతిరిగి పనికి పోయాడు. అదీ ఆమెకు తెలిసిపోయింది.

"నేను పని పోగొట్టుకున్నానని నీకు మొహం చెల్లడం లేదా ఏంటి?" అని నవ్వింది. "నవంబర్లో నీన్ఫాకి పదిహేను నిండుతాయి. చర్చిలో జ్ఞానతల్లి పెట్టాల్సిన కిరీటం నేనే పెడతానన్నాను, నేనే పెడతాను. దానికీ దీనికీ ముడిపెట్టకు."

నిజం చెప్పడానికి ఆయన చాలాసార్లు నోరు తెరిచాడు. రోజు గడిచేకొద్దీ ఆ నిజం పెద్దదవుతూ వచ్చింది. మొదటిరోజు చెప్పుంటే పుల్ల కడగలేదని చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడైతే తొట్టి చూశానని కూడా చెప్పాలి. మొదటిది తెలివితక్కువతనం. రెండోదానికి మెత్తటి పేరు ఆయనకు దొరకలేదు.

సెప్టెంబర్లో ఇంజినీరు పిలిపిస్తే డాక్టర్ ఆంపారో వచ్చింది. ముసురు పట్టి ఉంది. తొట్ల గది గుమ్మంలోనే ఆగి, లోపలున్న ఎర్మీలోని అందరిముందూ కాక పక్కకు పిలిచి మెల్లిగా అడిగింది.

"పుల్లని మరిగించారు కదా, దోన్ ఎర్మీలో?"

"మరిగించాను, డాక్టరమ్మా."

అబద్ధం కాదు. నిజం అసలే కాదు. ఎప్పుడు అని ఆమె అడగలేదు. ఆ నేలమాళిగలో ఆయనకు వేసిన కుర్చీలాంటిదే ఆ నమ్మకం కూడా.

ఆమె వెళ్ళి ఇంజినీరు ముందు నిలబడింది. "తప్పు నాదే అయ్యుండాలి. ఏప్రిల్లో దోన్ ఎర్మీలో తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతికి మీకు రాసిచ్చిన ఉత్తరం నా బల్ల మీదే మడిచి పెట్టాను. ఆ కాగితానికి పొడి అంటి వచ్చుంటుంది. తొట్లు కడిగే ఆవిణ్ణి తీసేశారట. అది అన్యాయం. కావాలంటే మీ యజమానులకు నా పేరుతో రాసిస్తాను."

ఇంజినీరు జాలిగా తల ఊపాడు. రాసిమ్మన్నాడు. ఆమె సంచీలోంచి కాగితం తీసింది. ఎర్మీలో ఆ చెయ్యి కాగితం మీద ఆనడం చూశాడు. ఇప్పటికే ఒక ఆడమనిషి తన తప్పును బుట్టలో పెట్టుకుని వంతెన దగ్గర కూచుంది. ఇప్పుడు రెండో ఆమె దాని కింద సంతకం చెయ్యబోతోంది.

ఆయన ముందుకు నడిచి, జేబులోంచి ఒర తీసి కాగితం మీద పెట్టాడు.

"ఉత్తరం కాదు. ఇది. అక్కడ మరిగించమంటే మరిగించలేదు. మరిగించానని అబద్ధం చెప్పి తెచ్చాను. తర్వాత మరిగించాను గానీ మళ్ళీ ఇదే ఒరలో పెట్టాను. తొమ్మిదో తొట్టి అద్దంలా ఉంది. నేను చూశాను."

మొదట కదిలింది ఇంజినీరు సెర్రాతో. వచ్చి ఎర్మీలో రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"మీ మనసు ఎలాంటిదో నాకు తెలుసు, దోన్ ఎర్మీలో. ఆవిడ మీ కొమాద్రె. ఆవిడ కోసం మీ ముప్ఫై ఏళ్ళ పేరుని పాడుచేసుకుంటారా? జూన్లో చూడలేదని మీరే చెప్పారు."

తొట్ల దగ్గరివాళ్ళు తలలూపారు. ఒకడు టోపీ తీశాడు. నిజం చెప్పి మెప్పు పొందడం కన్నా నీచమైన స్థితి మనిషికి ఇంకోటి ఉంటుందని ఎర్మీలో అంతకుముందు ఊహించలేదు. సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు ఒబ్దూలియా గిన్నెనిండా మిరపకాయ పచ్చడి చేసి ఇంటికి పంపింది. 'నా కోసం అంత అబద్ధమాడనక్కర్లేదు పిచ్చోడా' అని చెప్పమందిట.

నమ్మింది ఆంపారో ఒక్కతే. ఆమె ఆయన్ని తిట్టలేదు. కోపం ఉందో లేదో కూడా ముఖంలో కనపడలేదు. "మాటలతో తేలదు. తేల్చే పద్ధతి ఉంది," అంది ఇంజినీరుతో. "ఏప్రిల్ తర్వాత మీ మనిషి గానీ నేను గానీ అడుగుపెట్టని చోటు కావాలి."

కొండ మీద ఒక పల్లె బడి దొరికింది. ఆదివారం పొద్దున అందరూ లారీలో వెళ్ళారు. ఒబ్దూలియాని కూడా రమ్మన్నారు. ఆమె బుట్ట కూడా తెచ్చుకుంది. కాని కార్ఖానా గాలి తగిలినవాళ్ళెవరూ బడి మెట్టెక్కడానికి వీల్లేదు. అందుకని రోడ్డుకి ఇవతల, ముసురులో, గోనెసంచులు కప్పుకుని వరసగా నిలబడ్డారు. మూత బిగించి, పైన మరుగు సారాతో కడిగిన రెండు పాకం సీసాలనీ, కాగితం విప్పని కొత్త గాజు పుల్లనీ, డబ్బాలో మూసిపెట్టిన ఎర్మీలో ఒరనీ బడి గోడ మీద పెట్టి వెనక్కి వచ్చేశారు. లోపలున్నది పంతులమ్మ ఒక్కతే. ఆంపారో రోడ్డు మీంచి కేకలేస్తుంటే ఆమె చేసేది.

"వేడినీళ్ళలో పెట్టి మొత్తం కరగనివ్వండి, ఒక్క నలుసు కూడా ఉండకూడదు."

"నలుసుల్లేవు. మీరంతా అక్కడ ప్లేగు తగిలినవాళ్ళలా నిలబడితే ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా?" అంది పంతులమ్మ కిటికీలోంచి.

"చల్లారాక కొత్త పుల్లతో గీకండి."

గీకిన చప్పుడు రోడ్డుదాకా వినపడింది. గంటన్నర పట్టింది. ఎర్మీలో ఎదురుచూశాడు. జీవితంలో ఎన్నో పాకాలు గడ్డకట్టాలని కోరుకున్నాడు, ఇంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు. రేకులు వస్తే తప్పు పాకానిది కాదు, తన పుల్లది, తనే దోషి. రావాలనే కోరుకున్నాడు.

"వస్తున్నాయి," అంది పంతులమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి. "చేప పొలుసుల్లా ఉన్నాయి."

ఇంజినీరు శిలువ గుర్తు వేసుకున్నాడు. నాలుగు నెలలుగా ఎవరూ చూడని రేకులు అవి.

"దానికి మూత బిగించి అవతలి గదిలో పెట్టండి. చేతులు కడుక్కుని ఇప్పుడు ఒర తెరవండి. అందులోని పుల్లతో రెండో సీసా గీకండి."

నాలుగు నిమిషాలు.

"ఇది వేరుగా ఉంది. గబగబా రాలుతోంది. ఇసకలా. ఇలా అయిందేంటి, నేనేమైనా తప్పు చేశానా?"

"లేదు పంతులమ్మా," అన్నాడు ఎర్మీలో, ఆమెకు వినపడనంత మెల్లిగా.

ఇప్పుడు ఎవరూ టోపీ తియ్యలేదు. ఇంజినీరు లారీ వైపు నడిచాడు. ఒబ్దూలియా బుట్ట మీది గుడ్డని సర్దింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"అయితే తొట్టి చూశావన్నమాట."

"చూశాను, కొమాద్రె. శుభ్రంగా ఉంది."

ఆమె తల ఊపింది. కొండ దిగేటప్పుడు లారీలో డ్రైవరు పక్కన కూచుంది.

నదికి అవతలి గట్టున కొత్త షెడ్డు కట్టారు. పాత తొట్లు, పాత బట్టలు, పాత చెప్పులు ఏవీ వంతెన దాటకూడదు. ఒబ్దూలియాని వెనక్కి పిలిచి, కడిగేవాళ్ళందరికీ పెద్దని చేశారు. ఆమె రోజూ షెడ్డు బయట స్నానం చేసి కొత్త బట్టలు కట్టుకుని లోపలికి వెళ్ళేది. ఎర్మీలోని తీసెయ్యలేదు. ఇవతలి గట్టున గేటు దగ్గర కుర్చీ వేసి కూచోబెట్టారు. ఆయన జేబు ఇప్పుడు ఖాళీ. ఒరని ఆంపారో తనతో తీసుకుపోయింది. రేకులు మళ్ళీ రాలుతున్నాయనీ, కొత్త షెడ్డులో ప్రతిసారీ పుల్లలు మరిగిస్తున్నారనీ వచ్చేపోయేవాళ్ళు చెప్పేవారు. హస్తవాసి గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడరు, గిన్నె ఉంటే చాలు.

నవంబర్లో నీన్ఫా పదిహేనో ఏటి పండగ. ఒబ్దూలియా రాదేమోనని ఆయన వారం రోజులు నిద్రపోలేదు. వచ్చింది. నీలంరంగు శాలువా కప్పుకుని, కాగితంలో చుట్టిన కిరీటంతో. చర్చిలో గులాబీరంగు గౌనులో తండ్రి చెయ్యి పట్టుకుని నడిచొచ్చిన పిల్ల తలమీద కిరీటం పెట్టి, దగ్గరికి లాక్కుని చాలాసేపు గుండెలకు హత్తుకుంది. తర్వాత పిల్ల తల్లిని కౌగిలించుకుంది. ఎర్మీలో చేతులు చాపి ముందుకొచ్చాడు.

ఆమె అరచెయ్యి ఎత్తింది, మర్యాదగానే.

"దూరం కొంపాద్రె. రేపు పనికెళ్ళాలి. నీ కోటుకి ఏమంటుకుని ఉందో."

పిల్ల చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. ఆ కోటు చేతిని పట్టుకునే నీన్ఫా గుమ్మం నుంచి పీఠం దాకా వచ్చింది. ఆయన కోటు మీద ఏముంటే అదంతా పిల్ల గౌను మీదా ఉంటుంది, ఇప్పుడు ఆ నీలం శాలువా మీదా ఉంటుంది. అది ఎలా పాకుతుందో ఆ చర్చిలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు, ఒబ్దూలియా తప్ప.

ఆయన చేతులు దించి, ఆమె మాట నమ్మినట్టే రెండడుగులు వెనక్కి వేశాడు.